పాటకు ముందు చెప్పు పేర్లు

రేడియోలో సినిమా పాట మొదలగుటకు ముందు నాలుగు పేర్లు వినవచ్చును. చిత్రము పేరు, వ్రాసినవారి పేరు, స్వరపరచినవారి పేరు, పాడినవారి పేరు. వంటయింటిలోనివారు చేతిపని ముగించుకొని ఈవలికి వచ్చుటకు చాలినంత తీరికగా ఆ పేర్లు సాగును. పిల్లలు వానిని పాటతోబాటే కంఠస్థము చేయుదురు. ఇదంతయు ఒక మర్యాదయని సామాన్యముగా మనము తలతుము. నిజమునకు ఆ పేర్ల వెనుక వేరువేరు హక్కులున్నవి. వానిని గూర్చి డెబ్బదియేండ్లుగా తగవులు నడచుచునే యున్నవి. పాట ఎవరి సొత్తు, రేడియో దానిని ప్రసారము చేసినచో ఎవరికేమి ముట్టవలెను, ముట్టుచున్నదా లేదా యను సంగతులను నేడు శ్రోతలకు విన్నవించెదము.

మేముండునది నారపల్లి. ఉప్పల్ కూడలినుండి వరంగల్లు దారి పట్టి, బోడుప్పల్, మేడిపల్లి దాటి వచ్చినచో మా యూరు. అదే కూడలినుండి వేరొక దారి నాచారమునకు పోవును. ఆ నాచారములో నందమూరి తారక రామారావుగారు 1976లో రామకృష్ణ స్టూడియోను నెలకొల్పి, ‘దానవీరశూరకర్ణ’ చిత్రమును అక్కడ తీసిరి. హస్తినాపురము మా పొరుగుననే వెలసినదన్నమాట. 1977 సంక్రాంతికి ఆ చిత్రము విడుదలయ్యెను. సంగీతము పెండ్యాల నాగేశ్వరరావుగారిది. పాటలు వ్రాసినవారిలో సి. నారాయణరెడ్డిగారు కలరు. ఆ పాటలు ఊరూర మైకులలో మ్రోగుచుండగనే, రెండు నెలలు నిండినంతలో, 1977 మార్చి 14వ తేదీన ఢిల్లీలో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పెను. అది నాచారపు చిత్రమును గూర్చినది కాదు. కాని అప్పటికి సినిమా పాట వ్రాసినవారికి, బాణీ కట్టినవారికి, అటుపిమ్మట మరి ముప్పదియైదేండ్లపాటు వ్రాయబోవువారికి, కట్టబోవువారికి గూడ అది వర్తించెను.

ఆ వ్యాజ్యము పుట్టిన తీరు ఇది. గీత రచయితల పక్షమున, స్వరకర్తల పక్షమున రుసుము వసూలు చేయుటకై 1969లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ యను సంస్థ ఏర్పడెను. సినిమాహాలులో గాని మరియెక్కడ గాని మా పాట వినిపించినచో ఇంత చెల్లింపవలెనని అది యొక పట్టికను ప్రకటించెను. చిత్ర నిర్మాతల సంఘములు ఎదురు తిరిగినవి. కాపీరైటు బోర్డు సొసైటీ మాట నెగ్గించెను. కలకత్తా హైకోర్టు నిర్మాతల మాట నెగ్గించెను. సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పునే ఖాయపరచెను. ప్రతిఫలమిచ్చి తన చిత్రము కొరకు పాట చేయించుకొన్న నిర్మాతయే దానికి మొదటి యజమాని. వేరుగా ఒప్పందము వ్రాసికొన్ననే తప్ప రచయితకుగాని స్వరకర్తకుగాని అందులో హక్కు మిగులదు. 1957 నాటి కాపీరైటు చట్టములోని 17వ సెక్షనునకు న్యాయమూర్తులు చెప్పిన అర్థమిది.

నిర్మాతల వాదమును ఇంటి మాటలలో చెప్పవలెనన్న, వడ్రంగికి కూలియిచ్చి మంచము చేయించుకొన్నవాడు దానిపై పండుకొన్నప్పుడెల్ల వడ్రంగికి మరల డబ్బీయడు గదా యనుటయే. వినుటకు సబబుగానే యున్నది. కాని మంచముపై ఒక యింటివారే పండుకొందురు. పాట అట్లు కాదు. అది ఒక్క గడియలో లక్ష యిండ్లలో పలుకును. మరునాడు మరల పలుకును. వ్రాసినవాడు గతించిన ముప్పది యేండ్లకును పలుకుచుండును. పలికినప్పుడెల్ల ఎవరికో ఒకరికి రాబడి తెచ్చుచుండును. ఆ రాబడిలో దానిని కన్నవానికి వాటా లేకుండుట చట్టమునకు సరిపోయినను మనస్సునకు సరిపోదని మా అభిప్రాయము. ఆ తీర్పులో పాల్గొన్న జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరుగారికిని ఇట్టి బాధయే కలిగినట్లున్నది. తీర్పును అంగీకరించుచునే ఆయన వేరుగా కొన్ని మాటలు చేర్చిరి. మన సంగీతమునకు ప్రాణము గాయకుని గొంతులో నున్నదనియు, చట్టము ఆ గొంతును గుర్తింపకున్నదనియు, పార్లమెంటు ఈ లోపమును ఆలోచింపవలెననియు ఆ మాటల భావము.

ఆ లోపము చిన్నది కాదు. 1957 చట్టము ప్రకారము సంగీత కృతి యనగా కాగితముపై వ్రాసినదో అచ్చువేసినదో అయి యుండవలెను. ఇది పడమటి దేశముల పద్ధతి. అక్కడ స్వరకర్త కాగితము ముందు కూర్చుండును. మన స్వరకర్త హార్మోనియము ముందు కూర్చుండును. పాడి వినిపించును, ఎదుటివాడు విని పట్టుకొనును, నచ్చనిచో మరియొక తీరున పాడును. గురుముఖమున నేర్చుకొను విద్యలో కాగితము పని తక్కువ. అట్టి దేశములో కాగితముపై నున్నదే సంగీతమని చట్టము చెప్పుచు వచ్చినది. 1994లో చేసిన సవరణతో గాని ఆ నిబంధన తొలగలేదు. గాయకునకు ప్రదర్శకుడుగా ఒక హక్కు గలదని చట్టము మొదటిసారి ఒప్పుకొన్నదియు ఆ సవరణలోనే.

సుప్రీంకోర్టు తీర్పునకు ఇరువదియైదేండ్ల ముందే రేడియోకును నిర్మాతలకును నడుమ మరియొక తగవు నడచినది. అది డబ్బును గూర్చినది కాదు, పేరును గూర్చినది. 1952లో బి. వి. కేస్కరుగారు సమాచార ప్రసార శాఖ మంత్రియైరి. ఆయన శాస్త్రీయ సంగీతాభిమాని. సినిమా పాటలన్న గిట్టనివారు. రేడియోలో ఆ పాటల పాలు తగ్గింపజేసిరి. అంతతో నిలువక, పాటకు ముందు చిత్రము పేరు చెప్పుట ఆ చిత్రమునకు వెలలేని ప్రకటన యగునని, గాయకుని పేరు మాత్రమే చెప్పవలెనని నిర్ణయించిరి. నిర్మాతలకు కోపము వచ్చెను. మా చిత్రము పేరు చెప్పనిచో మా పాటయు వేయరాదని ప్రసారపు అనుమతులను ఉపసంహరించుకొనిరి. కొలది నెలలలో ఆకాశవాణిలో సినిమా పాట వినబడుటయే అరుదయ్యెను.

అప్పుడు ఎవరు గెలిచిరి? సిలోను రేడియో గెలిచినది. శ్రోతలు ముల్లును సముద్రము దాటించి కొలంబో వైపు త్రిప్పిరి. అమీన్ సయానీగారి హిందీ పాటల కార్యక్రమము అక్కడినుండి ఆ యేటనే మొదలై దేశమంతట ప్రసిద్ధికెక్కెను. ఆ కేంద్రపు తెలుగు ప్రసారములలో మీనాక్షి పొన్నుదురైగారి కంఠమును ఎరిగినవారు నేటికిని మన పెద్దలలో నున్నారు. తుదకు 1957 అక్టోబరులో ‘వివిధ భారతి’ పుట్టి, సినిమా పాటకు ఆకాశవాణిలో మరల ఆసనము వేసినది. కేస్కరుగారి పట్టుదలవలన ఒక మేలును జరిగెనని చెప్పక తప్పదు. సినిమా పాట లేని లోటు తీర్చుటకై ఆకాశవాణి తన సొంత లలిత సంగీతమును పెంచుకొన్నది. బాలాంత్రపు రజనీకాంతరావుగారి వంటివారి కృషి తెలుగు రేడియోకు ఒక ప్రత్యేకమైన రుచి తెచ్చెను. ఇది వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

ఆ తగవులో గమనింపదగినది ఒకటి కలదు. చిత్రము పేరు కొరకు నిర్మాతలు పోరాడిరి. వారికి బలముండెను. వ్రాసినవాని పేరు కొరకు, బాణీ కట్టినవాని పేరు కొరకు పోరాడుటకు ఆనాడు ఎవరికిని బలము లేదు. పాడినవారి మాట చెప్పనక్కరయే లేదు. 1949 నాటి ‘మహల్’ అను హిందీ చిత్రపు రికార్డుపై లతా మంగేష్కరుగారి పేరునకు బదులు కథలోని పాత్ర పేరు వేసిరి. పాడినదెవరని శ్రోతలు రేడియో వారిని ఉత్తరములమీద ఉత్తరములు వ్రాసి అడిగిరట. చట్టము గుర్తింపని గొంతును ముందుగా గుర్తించినది శ్రోతయే.

ఇక ఈ శతాబ్దపు సంగతి. 2001 నుండి ప్రైవేటు ఎఫ్. ఎం. కేంద్రములు వచ్చినవి. ఇవి పాటలతోనే బ్రదుకునవి. పాటల నడుమ ప్రకటనలతో ఆర్జించునవి. రికార్డు కంపెనీలు గంటకింతయని అడిగినవి. ఆ గంటకు ఇంగ్లీషులో ‘నీడిల్ అవర్’ అని పేరు; రికార్డుపై ముల్లు నడచిన కాలము. ముల్లును రికార్డును మూలబడి ఎన్నాళ్లయినను లెక్కలో మాత్రము ఆ ముల్లు నేటికిని నడచుచునే యున్నది. ఇంత భారము మోయలేమని కేంద్రములు కాపీరైటు బోర్డుకు పోయినవి. ఈ తగవు 2008లో సుప్రీంకోర్టును చూచెను. 2010 ఆగస్టులో బోర్డు, గంటల లెక్క విడిచిపెట్టి, నికరపు ప్రకటనల ఆదాయములో నూటికి 2 వంతులు చెల్లించిన చాలునని నిర్ణయించెను. పదియేండ్ల పిమ్మట, 2020 డిసెంబరు 31న, బోర్డు పని నిర్వహించుచుండిన అప్పీలు ట్రిబ్యునలు మరల గంటల లెక్కకే మరలెను. నాలుగు నెలలైనను కాకముందే, 2021 ఏప్రిల్‌లో, ఆ ట్రిబ్యునలే రద్దయ్యెను. అయినను ఆ ఉత్తరువులో ఒక విశేషము కలదు. రికార్డునకు ఒక ధర, అందలి సాహిత్య సంగీతములకు వేరొక ధర నిర్ణయించిరి. అనగా పాట రెండు సొత్తులని ఒప్పుకొన్నట్లే.

దీనికి దారి తీసినది 2012 నాటి సవరణ. జావేద్ అఖ్తరుగారు రాజ్యసభలో నుండి దీనికై గట్టిగా కృషి చేసిరి. ఆ యేటి జూన్ 21న అది అమలులోనికి వచ్చెను. అందలి ముఖ్య విషయము సులభముగా చెప్పవచ్చును. సినిమాహాలులో చిత్రముతోబాటు వినిపించుట విడిచి, మరియే విధముగా పాటను వాడుకొన్నను, రచయితకును స్వరకర్తకును రాయల్టీలో సమాన భాగము చెందవలెను. ఆ భాగమును వారు వదలుకొనుటకు వీలు లేదు; వదలుకొన్నట్లు వ్రాసి యిచ్చినను ఆ వ్రాత చెల్లదు. అవసరము మీద నున్నవాడు ఏ కాగితముపైనైనను సంతకము చేయునని ఎరిగి చేసిన నిబంధన యిది. 2023 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు, రేడియో కేంద్రములపై ఆ పాత సొసైటీయే తెచ్చిన వ్యాజ్యములలో, ఈ సవరణ పిమ్మట పాట ప్రసారమైనప్పుడెల్ల సాహిత్య సంగీతముల కర్తలకు రాయల్టీ చెల్లవలసినదేయని పలికెను. 1977లో ఓడినవారు నలువదియారేండ్లకు ఈ మాట వినిరి. అప్పటికి మొదటి తరమువారిలో పెక్కుమంది లేరు. పెండ్యాలగారు 1984లోనే గతించిరి.

ఇంకొక నియమమును శ్రోతలు ప్రత్యేకముగా తెలిసికొనవలెను. ఈ సవరణచేత చట్టములో 31-డి యను సెక్షను చేరినది. దాని ప్రకారము, అప్పటికే ప్రచురితమైన పాటను ప్రసారము చేయగోరు కేంద్రము ముందుగా నోటీసిచ్చి, నిర్ణయమైన రాయల్టీ చెల్లించి, హక్కుదారుని బ్రతిమాలుకొనకయే వేసికొనవచ్చును. అయితే ఒక షరతు కలదు. కర్తల పేర్లను, ముఖ్య గాయకుల పేర్లను ప్రసారముతోబాటు చెప్పవలెను. 1952లో చిత్రము పేరు చెప్పవలెనా మానవలెనా యను వివాదముతో రేడియోనుండి పాట మాయమయ్యెను. అరువదియేండ్లకు, చట్టమే నోరు విప్పి, వ్రాసినవానిని, కట్టినవానిని, పాడినవానిని పేరు పెట్టి పిలువుమన్నది. ఆకాశవాణి అనౌన్సర్లు ఏ చట్టమును అడుగకమునుపే ఈ పని చేయుచు వచ్చిరి. వేరుగా బేరము కుదుర్చుకొని పాట వేయు కేంద్రములకు ఈ షరతు అంటదు. ఉప్పల్‌లో ఆటో ఎక్కి నారపల్లిలో దిగువరకు ఎఫ్. ఎం. పాటలు వినుచు వచ్చినను, నడుమనుండు మాటల హోరులో ఒక్క కవి పేరైనను చెవిని పడుట మాకు అరుదు. సెల్‌ఫోనులలో వచ్చు పాటల సేవల సంగతి మరియు వేరు. 31-డి వానికి వర్తింపదని బొంబాయి హైకోర్టు 2019లో చెప్పి, 2022లో దానినే ధ్రువపరచెను.

అయితే, మన రేడియోలలో మిక్కిలిగా వినవచ్చునవి పాత పాటలు. 2012 సవరణ మేలు నిస్సందేహముగా దక్కినది క్రొత్త ఒప్పందములకు. పాత ఒప్పందములకు అది ఎంతవరకు వర్తించునన్నది వాదముగనే యున్నది. పాత పాటల చిక్కు ఎట్టిదో ‘మాయాబజార్’ చూచిన తెలియును. ఆ చిత్రము 1957లో విడుదలయ్యెను. చిత్రమునకు కాపీరైటు అరువదియేండ్లు. కనుక 2017తో ముగిసెను. కాని పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో దివంగతులైరి. సాహిత్యమునకు కర్త ఆయుర్దాయముపైన మరి అరువదియేండ్లు లెక్క. కనుక 2031 ముగియువరకు దానికి రక్షణ కలదు. సంగీతము ఘంటసాలగారిది, వారు 1974లో పోయిరి, కావున అది 2034 వరకు. అందులో నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావుగారు కట్టినవి. వారు 1999లో పోయిరి, కావున అవి 2059 వరకు. ఒకే చిత్రములోని పాటలకు ఇన్ని గడియారములు! అన్నిటికంటె విచిత్రము ఘంటసాలగారి విషయము. అదే పాటను ఆయనయే పాడినపుడు, స్వరకర్తయైన ఘంటసాలను చట్టము ఎరుగును. గాయకుడైన ఘంటసాలను ఎరుగదు.

ఈ అరువది మొదట ఏబదిగా నుండెను. 1941లో పరమపదించిన రవీంద్రనాథ టాగూరుగారి రచనలపై విశ్వభారతికి గల హక్కు 1991తో తీరిపోవునని తెలిసి, ప్రభుత్వము మరి పదియేండ్లు పొడిగించినది. రవీంద్రుని పుణ్యమా యని పింగళివారి పాటకును పది యేండ్లు కలిసివచ్చినవి.

సినిమా పాట సరే, భక్తి గీతములకు ఈ బాధ లేదు గదా యని కొందరనుకొందురు. త్యాగరాజస్వామి కీర్తన ఎవరి సొత్తును కాదు. సాహిత్యమునకును వర్ణమెట్టునకును గడువు ఏనాడో తీరినది. అన్నమాచార్యుల కథ అట్లు కాదు. తిరుమల రాగిరేకులపై సాహిత్యమున్నది, రాగము పేరున్నది, స్వరము లేదు. నేడు మన యిండ్లలో వినవచ్చు బాణీలలో పెక్కు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు మొదలైన విద్వాంసులు ఇరువదవ శతాబ్దిలో కూర్చినవి. రాళ్లపల్లివారు 1979లో, నేదునూరివారు 2014లో గతించిరి. కనుక పదము అయిదువందల యేండ్ల నాటిది, అందరిది. బాణీ నిన్నటిది, కర్త గలది. “అన్నమాచార్య కీర్తన” అని మాత్రము చెప్పి ఊరకున్నచో సగము పేరే చెప్పినట్లు.

హక్కు చేతికి వచ్చిన తరువాత దానిని నడుపుటయు సులభము కాదు. 2017 మార్చిలో ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యముగారు తమ గాన జీవితపు ఏబదియేండ్ల సందర్భమున అమెరికాలో కచ్చేరీలు చేయుచుండగా, ఇళయరాజాగారి పక్షమునుండి లాయరు నోటీసు వచ్చెను. అనుమతి లేక నా పాటలు పాడరాదని దాని సారాంశము. తమకు ఈ చట్టము సంగతి తెలియదని, చట్టమున్నచో దానికి లోబడెదమని చెప్పి, బాలుగారు ఆ పర్యటనలో ఆ పాటలను మానుకొనిరి. అక్కడి తెలుగువారును తమిళులును రెండు పక్షములైరి. తాను జీవము పోసిన పాటను గాయకుడు పాడుకొనుటకు ఆటంకమా యని కొందరు. టిక్కెట్లు అమ్మిన చోట స్వరకర్తకు వాటా అడుగుట తప్పా యని కొందరు. మాకు తోచినంతవరకు రెండవవారిదే న్యాయము. కాని ఆ నోటీసు పోవలసినది కచ్చేరీ నిర్వాహకులకు. ఏబదియేండ్ల స్నేహితునకు ముందుగా ఒక టెలిఫోను చాలియుండెడిది. 2019లో వారిరువురును మద్రాసులో మరల ఒకే వేదికపైకి వచ్చిరి.

ఇక గృహస్థులకు పనికివచ్చు నాలుగు మాటలు. నారపల్లినుండి ఘట్కేసరు వరకు దారి పొడవునను ఫంక్షను హాళ్లు కలవు. పెండ్లిలో పాటలు వేసినచో లైసెన్సు తీసికొనవలెనా యని మమ్ము పలువురు అడుగుచుందురు. అక్కరలేదు. మతసంబంధమైన కర్మలలోను, పెండ్లి ఊరేగింపులోను, పెండ్లికి సంబంధించిన వేడుకలలోను పాట పాడినను రికార్డు వేసినను ఉల్లంఘన కాదని చట్టములోని 52వ సెక్షను చెప్పుచున్నది. దీనిని గూర్చి కేంద్ర ప్రభుత్వ శాఖ 2023 జూలైలో బహిరంగ ప్రకటనయు చేసినది. ఎవరైన వచ్చి రుసుము అడిగినచో దానిని చూపవచ్చును. అపార్టుమెంటులో నివసించువారు తమ ఉమ్మడి హాలులో తమకొరకు రేడియో పెట్టుకొన్నను తప్పు లేదు. కాలనీ పిల్లలు టిక్కెట్టు లేని సభలో తామే పాడుకొన్నను తప్పు లేదు. హోటలువారు వచ్చిపోవువారికై పాటలు పెట్టుట మాత్రము వేరు. దానికి అనుమతి కావలెను. పెండ్లి జరిగిన ఆ హాలులోనే మరునాడు టిక్కెట్లు పెట్టి సినిమా పాటల కచ్చేరీ చేయించినచో ఈ మినహాయింపు చెల్లదు. నిర్వాహకులు ముందుగానే లైసెన్సు తీసికొని, పాడబోవు పాటల జాబితాను కర్తల పేర్లతో సిద్ధము చేసికొనవలెను.